నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఇంటర్వ్యూకి నేను ఎలా సిద్ధమయ్యాను

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందంటే మన మార్కులు, లైసెన్సు, పనిచేసిన ఏళ్లు, సిఫార్సు లేఖలు అన్నీ వాళ్లు అప్పటికే చూసి సరే అనుకున్నారని అర్థం. మరి ఇంకా ఏం చూడటానికి పిలుస్తారు? ఇది అర్థం కావడానికి నాకు చాలాకాలమే పట్టింది. అర్థమయ్యాక నేను తయారయ్యే పద్ధతే మారిపోయింది. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి, ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష పాసై ఇక్కడికి వచ్చి, ఇప్పుడు ఎన్.పి. (నర్స్ ప్రాక్టీషనర్) చదవాలా వద్దా అని ఆలోచిస్తున్న తెలుగు నర్సులు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా. నర్సింగ్ అక్కడే చదివాను. తర్వాత హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పనిచేశాను. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-3 వీసాతో టెక్సస్‌లోని హ్యూస్టన్ వచ్చాక టెలిమెట్రీ ఫ్లోర్‌లో, అంటే గుండె జబ్బు పేషెంట్లను మానిటర్ మీద పెట్టి చూసుకునే వార్డులో, నైట్ షిఫ్టులు చేస్తున్నాను. నేను దరఖాస్తు పెట్టింది ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకి, అంటే అన్ని వయసుల వాళ్లనూ క్లినిక్‌లో చూసే ఎన్.పి. చదువుకి.

ఊళ్లో చుట్టాలకు ఈ మాట చెబితే "మళ్లీ చదువా? అంటే డాక్టరు అవుతావా?" అని అడిగారు. కాదు. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ పేషెంటును పరీక్ష చేస్తారు, టెస్టులు రాస్తారు, జబ్బేమిటో తేలుస్తారు, మందులు రాస్తారు. అయినా నర్సే. ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్సు) అయ్యాక మాస్టర్స్ గానీ, డీఎన్‌పీ అనే డాక్టరేట్ గానీ చేసి, ఆపైన జాతీయ స్థాయి సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి. ఇండియాలో కూడా ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో నర్స్ ప్రాక్టీషనర్ల ప్రస్తావన ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు కూడా తెచ్చింది. కాకపోతే అక్కడ ఇంకా వేళ్లూనుకోవాలి.

కాగితాల పని గురించి ఎక్కువ రాయను. మన ట్రాన్స్‌క్రిప్టులను ఇక్కడి లెక్కలోకి మార్చి చూపించే మదింపు రిపోర్టు కావాలి. ఇండియా కాలేజీ నుంచి సీలు వేసిన కవరు రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి అది అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. సిఫార్సు లేఖల్లో ఒకటి ఎన్.పి. నుంచో, పైస్థాయి చదువు చదివిన నర్సు నుంచో ఉంటే మంచిది. అంతే.

పిలుపు వచ్చిన రోజు నుంచి నేను అందరూ చేసే పనే చేశాను. మామూలుగా అడిగే ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఒక్కోదానికి జవాబు రాసి బట్టీ పట్టడం మొదలుపెట్టాను. ఎందుకు ఎన్.పి. అవ్వాలనుకుంటున్నారు, మా స్కూలే ఎందుకు, మీ బలం ఏమిటి, తోటివాళ్లతో గొడవ వస్తే ఏం చేశారు, పనీ చదువూ ఎలా నెట్టుకొస్తారు. ఇంగ్లీషు బాగానే ఉంది, జవాబులూ బాగానే ఉన్నాయి. వినిపించమని మా ఆయన్ని కూర్చోబెడితే, అంతా విని "ఇది ఎవరైనా చెప్పగలరు కదా" అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది.

మా ఆస్పత్రికి దగ్గర్లోని ఒక క్లినిక్‌లో పనిచేసే తెలుగు ఎన్.పి. ఒకావిడ ఉన్నారు. నాకంటే చాలా ముందు వచ్చారు. అక్కా అని పిలుస్తాను. ఆవిడ ఫోన్లో మాక్ ఇంటర్వ్యూ చేద్దామన్నారు. "పేషెంటు పరిస్థితి దిగజారుతున్నప్పుడు నువ్వు ఏం చేశావో ఒక సంఘటన చెప్పు" అని అడిగారు. నా దగ్గర సిద్ధంగా ఉన్నదే చెప్పాను. గుండె బలహీనమై చేరిన ఒక పెద్దావిడ, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. రాత్రి శ్వాస రేటు నిమిషానికి 18 నుంచి 26కి పెరిగింది. ఆన్‌కాల్ డాక్టరుకి ఫోన్ చేశాను, గంటసేపు చూడమన్నారు. అంతసేపు ఆగకుండా రాపిడ్ రెస్పాన్స్ టీమును, అంటే పేషెంటు విషమిస్తుంటే పరుగున వచ్చే బృందాన్ని, పిలిచాం. ఒంట్లో అవయవాలకు రక్తం సరిగా అందట్లేదేమో సూచించే లాక్టేట్ ఎక్కువ వచ్చింది, ఐసీయూకి పంపాం.

అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "జరిగింది చెప్పావు. నువ్వేం ఆలోచించావో ఎక్కడా లేదే" అన్నారు. "బీపీ బాగానే ఉంది, జ్వరం పెద్దగా లేదు, డాక్టరు చూడమన్నారు. మరి గంట ఆగకుండా టీమును ఎందుకు పిలిచావు?"

"అక్కా, సాయంత్రం ఆవిడ మనవరాలి పెళ్లి కబుర్లు చెప్పింది నాకు. చీర రంగుతో సహా చెప్పింది. పదింటికి మళ్లీ వెళితే ఆ పిల్ల పేరు గుర్తురాలేదు. దుప్పటి పదే పదే లాగేసుకుంటోంది. యూరిన్ కూడా తగ్గింది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోందేమో, బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమవుతుందేమో అనిపించింది."

"అదీ! నువ్వు చెప్పాల్సింది అది" అన్నారు.

వాళ్లు ఏం చూడటానికి పిలుస్తారో నాకు తెలిసింది ఆ ఫోన్లోనే. ఆర్.ఎన్.గా మన పని బాగుందని వాళ్లకు ముందే తెలుసు. రేపు డయాగ్నోసిస్ బాధ్యత భుజాన వేసుకోబోయే మనిషి ఎలా ఆలోచిస్తుందో వినాలని పిలుస్తారు. ఏది గమనించింది, దాన్ని దేనితో కలిపి చూసింది, ఏ అనుమానం ముందు పెట్టుకుంది, ఏది కాదనుకుంది, ఎందుకు. సమాధానం ఒప్పా తప్పా అన్నది ఆ తర్వాతి సంగతి.

మన దగ్గర చదువుకున్న నర్సులకు ఇది కష్టం. మనకు ఆలోచన లేక కాదు. హైదరాబాదు ఐసీయూలో నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సునైనా అడగండి, పేషెంటు మొహం చూసి చెప్పేస్తుంది. అయితే ఆ ఆలోచనను పైకి చెప్పే అలవాటు మనకు చెయ్యరు. రౌండ్స్‌లో ఫైలు పట్టుకుని నిలబడతాం. నోట్స్‌లో "ఇన్ఫార్మ్‌డ్ టు డాక్టర్" అని రాసి సంతకం పెడతాం. ఆ ఇన్ఫార్మ్ చెయ్యడానికి ముందు మన బుర్రలో నడిచిందంతా ఏ కాగితం మీదా ఉండదు. పైగా "నేను కనిపెట్టాను, నేను నిర్ణయించాను" అంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుందని మనకు మొహమాటం. ఇక్కడి ఇంటర్వ్యూలో ఆ మొహమాటం వల్ల నష్టపోయేది మనమే. ఎదుటివాళ్లు అడుగుతున్నదే అది.

ఆ రోజు నుంచి బట్టీ మానేశాను. షిఫ్టు అయ్యి ఇంటికొచ్చాక, పడుకునే ముందు, ఆ రాత్రి చూసిన పేషెంట్లలో ఒకరి గురించి పేరు గానీ గుర్తుపట్టే వివరాలు గానీ లేకుండా ఒక పేజీ రాసేదాన్ని. ఏం చూశాను, ఏం అనుకున్నాను, ఇంకేమై ఉండొచ్చు అనుకున్నాను, ఏం చేశాను, ఏమైంది. కొన్నాళ్లకే సంఘటనలు బోలెడు పోగయ్యాయి. ఇంటర్వ్యూలో ఎలాంటి ప్రశ్న వచ్చినా వాటిలోంచి ఒకటి తీయగలను అన్న ధైర్యం వచ్చింది. పేషెంటు వివరాలు మార్చి చెప్పడం మర్చిపోవద్దు. పేషెంట్ల వివరాలు గోప్యంగా ఉంచాలనే హిపా చట్టం ఉన్న దేశం ఇది, ఇంటర్వ్యూలో పేషెంటును గుర్తుపట్టేలా మాట్లాడితే అక్కడికక్కడే చెడ్డ మార్కు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఐసీయూ, టెలిమెట్రీ అనుభవం ఉన్నదానివి, అక్యూట్ కేర్ (ఆస్పత్రిలో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లను చూసే పని) వదిలి ఫ్యామిలీ ఎందుకు? ఇది అడగక మానరు. ఇక్కడ ఎన్.పి. చదువు ఏ వర్గం పేషెంట్ల కోసమో ముందే ఎంచుకోవాలి. పైస్థాయి నర్సుల చదువు, లైసెన్సు ఎలా ఉండాలో చెప్పే 2008 నాటి కన్సెన్సస్ మోడల్ ప్రకారం ఫ్యామిలీ, పెద్దవాళ్లు, పిల్లలు, నవజాత శిశువులు, స్త్రీల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం అని విభాగాలు. పెద్దవాళ్లలోనూ పిల్లల్లోనూ మళ్లీ ప్రైమరీ (మామూలు క్లినిక్ వైద్యం), అక్యూట్ అని వేర్వేరు. ఫ్యామిలీ చదివి ఐసీయూలో పనిచేస్తామంటే చదువు ఒకటి, పని ఇంకొకటి అవుతుంది. కాబట్టి ఊరికే సీటు సులువని ఎంచుకున్నామా, తెలిసే ఎంచుకున్నామా అన్నది వాళ్లకు ముఖ్యం.

నా కారణం నిజంగానే ఉంది, కానీ మాటల్లో పెట్టడానికి చాలా రాయాల్సి వచ్చింది. మా వార్డుకు అవే మొహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. నీరు తీసేసి, మందులు సర్ది, ఇంటికి పంపుతాం. కొన్నాళ్లకు అదే మనిషి, అవే ఉబ్బిన కాళ్లు. చాలామందికి ఇన్సూరెన్స్ లేదు. అమెరికా మొత్తం మీద ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం టెక్సస్‌లోనే ఎక్కువ. వీళ్లను ఆపాల్సిన చోటు మా వార్డు కాదు, అంతకు ఎంతో ముందున్న క్లినిక్.

రెండో కారణం మనవాళ్లు. ఇక్కడి తెలుగువాళ్లు పెట్టే హెల్త్ క్యాంపుల్లో నేను బీపీలు, షుగర్లు చూస్తుంటాను. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల స్ట్రిప్పులు ప్లాస్టిక్ సంచిలో వేసుకొస్తారు. టెల్మా, ఎకోస్ప్రిన్, గ్లైకోమెట్ జీపీ. అమెరికన్ క్లినిక్‌లో ఆ పేర్లు ఎవరికీ తెలియవు. గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా ఉంటుంది. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. ఒక పెద్దాయన "ఏకాదశి రోజుల్లోనే కళ్లు తిరుగుతాయమ్మా" అన్నారు. ఉపవాసం రోజు కూడా మాత్ర వేసుకుంటున్నారా అని అడిగితే, "మాత్ర మానకూడదన్నారు కదా" అన్నారు. వాళ్లబ్బాయిని పిలిచి, వచ్చే ఉపవాసం లోపే డాక్టరుతో మాట్లాడి తీరాలని గట్టిగా చెప్పాను. అంతకు మించి చెప్పే అధికారం ఆర్.ఎన్.గా నాకు లేదు. ఆ మాత్ర మార్చి రాయగలిగే చోట నేను ఉండాలి అనిపించింది అప్పుడే. ఇది ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్న జవాబు కాదు గనక ఎక్కడ ఆపి అడిగినా తడబడను.

ఇంకో సంగతి కూడా ఈ తయారీలోనే చదివాను. మన ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి, మామూలుగా బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 25 దగ్గర మొదలుపెట్టే పరీక్షలు ఆసియా మూలాల వాళ్లకు 23 దగ్గరే మొదలుపెట్టమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతుంది. ఎన్.పి. వృత్తి ఎలా పుట్టిందో చదివితే కూడా ఇదే దారి కనిపించింది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే పబ్లిక్ హెల్త్ నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి ఎన్.పి. శిక్షణ మొదలుపెట్టారు. వైద్యం సరిగా అందని పిల్లలకు దాన్ని చేరువ చెయ్యాలన్నది వాళ్ల తపన. ఫోర్డ్ గారు 2025 జనవరిలో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆవిడ గురించి చదువుతుంటే ఆ హెల్త్ క్యాంపు బల్లలు ఈ వృత్తికి అంత దూరమేమీ కాదనిపించి ఎంతో ధైర్యం వచ్చింది.

"డాక్టరు ఎందుకు కాకూడదు, పి.ఏ. (ఫిజీషియన్ అసిస్టెంట్) ఎందుకు కాకూడదు?" అన్నదానికి వాళ్లను తక్కువ చేసి మాట్లాడటం మంచిది కాదు. పి.ఏ. చదువు వైద్య విద్య నమూనాలో ఉంటుంది, ఒక స్పెషాలిటీ నుంచి ఇంకోదానికి మారే వీలు ఎక్కువ. నా నర్సింగ్ అనుభవాన్ని పునాదిగా తీసుకుని దానిపైన కట్టే చదువు నాకు కావాలని చెప్పాలనుకున్నాను, అదే చెప్పాను.

మీ రాష్ట్ర చట్టం తప్పకుండా చదివి వెళ్లండి. టెక్సస్‌లో ఎన్.పి. మందులు రాయాలంటే ఒక డాక్టరుతో లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. షెడ్యూల్ 2 మందులు, అంటే మార్ఫిన్ లాంటి అలవాటుపడే ప్రమాదం ఎక్కువున్నవి, ఆస్పత్రి, హాస్పిస్ (చివరి దశ సంరక్షణ) పరిధి దాటి రాయలేరు. పక్కనే ఉన్న న్యూ మెక్సికోలో ఆ ఒప్పందం అవసరం లేదు. దీని మీద మీ అభిప్రాయం ఏమిటని ప్యానెల్లో నన్ను అడిగారు. ఒప్పందం వల్ల పల్లెటూళ్లలో క్లినిక్ తెరవడం కష్టమవుతోందని, అదే సమయంలో కొత్తగా బయటికొచ్చిన నాలాంటిదానికి అనుభవమున్న డాక్టరు తోడు ఉండటం మేలని, రెండూ చెప్పాను. రెండూ నేను నమ్మేవే.

ఇంటర్వ్యూ రెండు భాగాలు. మొదటిది రికార్డెడ్ వీడియో. తెరమీద ప్రశ్న వస్తుంది, అర నిమిషం ఆలోచించుకోనిస్తారు, తర్వాత కెమెరా ఆన్ అయిపోతుంది. ఎదురుగా మనిషి ఉండడు, తలూపేవాళ్లు ఉండరు. నాకు దీనిమీదే ఎక్కువ టెన్షన్. మా ఆయన ఫోన్లో టైమర్ పెట్టి, కాగితం మీద ప్రశ్న రాసి చూపించి, గదిలోంచి వెళ్లిపోయేవారు. నా వీడియోలు నేనే చూసుకుంటే తెలిసింది: టెన్షన్ పడితే మాట వేగం పెరిగిపోతోంది. యాస గురించి నేను ఇప్పటికీ బాధపడను. పేషెంట్లకు రోజూ అర్థమవుతున్నప్పుడు ప్రొఫెసర్లకూ అర్థమవుతుంది. వేగమే సమస్య. వాక్యం అయ్యాక ఒక ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. ముందు అసలు విషయం ఒక వాక్యంలో చెప్పేసి, ఆ తర్వాత కథలోకి వెళ్లడం నేర్చుకున్నాను. మనం పూర్వాపరాలన్నీ చెప్పి చివర్లో అసలు సంగతికొస్తాం, ఇక్కడ అంతదాకా టైమర్ ఆగదు.

రెండోది జూమ్‌లో ప్యానెల్. ఇద్దరు ఫ్యాకల్టీ, ఒకరు బయట క్లినిక్ నడిపే ఎన్.పి. ఫ్యాకల్టీలో చాలామందికి డీఎన్‌పీ గానీ పీహెచ్‌డీ గానీ ఉంటుంది కాబట్టి పేరు ముందు డాక్టర్ అని పిలవాలి. మేడమ్ అనడం ఇక్కడ పెద్దగా అలవాటు లేదు.

కేసు ఒకటి ఇచ్చారు. యాభై దాటిన మనిషి, షుగరు మూడు నెలల సగటు (ఏ1సీ) 9.4 శాతం, అంటే చాలా ఎక్కువ, మాత్రలు వాడుతున్నాడు, ఇన్సులిన్ వద్దంటున్నాడు. ఏం చేస్తారు? ఎందుకు వద్దంటున్నాడో ముందు అడుగుతానన్నాను. మా వాళ్లలో ఇన్సులిన్ మొదలుపెడితే ఇక ఆఖరి దశే అన్న భయం ఉందని చెప్పాను. సూది భయమా, ఖర్చా, ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ మొదలైన కొత్తలోనే కాలు తీసేశారా, ఏదో తెలియకుండా మందు పేరు ఎత్తనన్నాను. మాత్రలు నిజంగా వేసుకుంటున్నాడా, కిడ్నీ ఎలా ఉంది, గుండె జబ్బు ఉందా చూసి, ఇన్సులిన్ కాకుండా ఇంకా ఏ దారులున్నాయో అతని ముందు పెడతానన్నాను. "మీ ప్రీసెప్టర్ (క్లినిక్‌లో విద్యార్థికి పని నేర్పే పెద్ద) ఒప్పుకోకుండా ఈరోజే ఇన్సులిన్ మొదలుపెట్టమంటే?" అని క్లినిక్ ఎన్.పి. అడిగారు. నా లెక్క ఆయనకు చెప్పి, నాకు కనిపించనిది ఆయనకేం కనిపించిందో అడుగుతాను, లైసెన్సు బాధ్యత ఆయనది గనక చివరి మాట ఆయనదే, కానీ పేషెంటు వద్దన్న సంగతి ఇద్దరం పక్కనపెట్టకూడదు అన్నాను. ఆవిడ నవ్వి రాసుకున్నారు.

చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు. ఏమీ లేదనకండి. నేను అడిగింది క్లినికల్స్ గురించి. 2022 జాతీయ ప్రమాణాల ప్రకారం ఎన్.పి. విద్యార్థి నేరుగా పేషెంట్లను చూసే గంటలు కనీసం 750 చెయ్యాలి. ఆ గంటలు చేయించే ప్రీసెప్టర్లను కొన్ని స్కూళ్లు వెతికి పెడతాయి, కొన్ని విద్యార్థి మీదే వదిలేస్తాయి. ఈ దేశంలో పరిచయాలు తక్కువ ఉన్న మనకు అది చిన్న విషయం కాదు. ప్రీసెప్టర్ దొరక్క సెమిస్టర్ వెనక్కి పడినవాళ్లను చూశాను. ఎవరు వెతుకుతారు, దొరక్కపోతే స్కూలు ఏం చేస్తుంది, సర్టిఫికేషన్ పరీక్షలో గత కొన్నేళ్ల ఉత్తీర్ణత ఎంత, మధ్యలో మానేసేవాళ్లు ఎందుకు మానేస్తున్నారు, ఇవన్నీ నేరుగా అడిగాను. ప్రీసెప్టర్లను స్కూలే చూస్తుందని, వీలైనంతవరకు ఇంటికి గంట దూరం లోపలే ఇస్తామని చెప్పారు. అది నచ్చాకే నా మనసు ఆ స్కూలు మీద పూర్తిగా నిలిచింది. ఇంటర్వ్యూలో ఎంచుకునేది వాళ్లొక్కరే కాదు.

అదే రోజు సాయంత్రం ముగ్గురికీ విడివిడిగా నాలుగు వాక్యాల థాంక్యూ మెయిల్ పంపాను. సీటు వచ్చింది. ఆగస్టులో క్లాసులు. మొదట చదవాల్సినవి అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్. వారానికి మూడు నైట్ షిఫ్టులను రెండు చెయ్యమని మేనేజర్‌ని అడిగాను, ఒప్పుకుంది. అక్క తన పాత ఫార్మకాలజీ పుస్తకం ఇచ్చారు. ఎడిషన్ పాతది, మందుల మోతాదులు మాత్రం కొత్తదాంట్లోనే చూడమన్నారు.